ఇంట దాచదగిన మూగచిత్రములు

స్త్రీ చేసిన పనిలో నిలుచునది తక్కువ. వండిన వంట పూటతో తీఱును. వాకిట దీర్చిన ముగ్గు మాపటికి చెరగును. పాడిన జోలపాట బిడ్డ నిద్రతో ముగియును. పని నిలువవలెనన్నచో దానిని దాచువారొకరుండవలయును. ఈ మాట వంటయింటికే గాక వెండితెరకును వర్తించును. అమెరికా మూగచిత్రములలో మేటి నటీమణియైన మేరీ పిక్‌ఫర్డు చిత్రములను ఇంట సేకరించుకొనుటను గూర్చి ఈ నెల మా సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఈమె 1892వ సంవత్సరమున కెనడాదేశములోని టొరంటో నగరమున జన్మించెను. పుట్టునాటి పేరు గ్లాడిస్ స్మిత్. పసితనముననే తండ్రి గతించెను. ముగ్గురు బిడ్డలతో మిగిలిన తల్లికి నాటకశాలయే జీవనాధారమయ్యెను. మేరీ చిన్నవయసుననే రంగస్థలమెక్కి కుటుంబభారమునందు పాలుపంచుకొనెను. 1909లో చలనచిత్రములలో బ్రవేశించి, పదియేండ్లు తిరుగకముందే లోకమంతట ప్రసిద్ధి కెక్కెను. 1919లో చాప్లిన్, ఫెయిర్‌బాంక్సు, గ్రిఫిత్ అను మువ్వురితో గలసి యునైటెడ్ ఆర్టిస్ట్సు అను సంస్థను నెలకొల్పెను. నటించుటయే గాక తన చిత్రములను తానే నిర్మించెను. లెక్కలు తానే చూచుకొనెను. 1929 నాటి కోక్వెట్ అను మాటలచిత్రమునకు అకాడమీ బహుమానము నందెను. 1933లో నటనకు స్వస్తి చెప్పెను. 1979లో స్వర్గస్థురాలయ్యెను.

ఇంతటి కీర్తి గలవారి చిత్రములు ఎక్కడికి పోవునని మనకు దోచవచ్చును. కాని పోయినవే యెక్కువ. ఆ కాలపు ఫిల్ము నైట్రేటుతో చేసినది. నిప్పంటుకొన్నచో ఆర్పుట దుర్లభము. అంటుకొనకున్నను కాలక్రమమున తనంతట తానే కుళ్లి పొడియగును. మాటలచిత్రములు వచ్చిన పిదప పాతవానికి విలువ లేదని పాఱవేసినవారును కలరు. 1912 మొదలు 1929 వఱకు అమెరికాలో వెలువడిన పెద్ద మూగచిత్రములు 10,919 అనియు, వానిలో మొదట విడుదలయైన రూపమున మిగిలినవి నూటికి 14 మాత్రమే యనియు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రకటించెను. థీడా బారా యను నటి క్లియోపాత్రగా నటించిన 1917 నాటి చిత్రము పూర్తిగా నేడు లేదు. క్లారా బో 1928లో నటించిన నాలుగు చిత్రములును పోయినవి. వారు పడిన శ్రమ మేరీ పడిన శ్రమకు దీసిపోయినది కాదు. దాచినవారు లేకపోయిరి, అంతియ.

మేరీ చిత్రములు ఇన్ని మిగులుటకు ముఖ్యకారణము ఆమెయే. తన చిత్రములపై హక్కు తానే నిలుపుకొనెను. చేజాఱిన పాతవానిని గూడ వెదకి కొనెను. అయినను విచిత్రమేమనగా, ఒకదశలో వానినన్నిటిని నాశనము చేయింపదలచెను! కాలము మాఱినది, రాబోవు తరమువారు తన్ను జూచి నవ్వుదురని ఆమె భయము. లిలియన్ గిష్ మొదలగు స్నేహితురాండ్రు వారించిరి. తుదకు ఆమె తన చిత్రములను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అప్పగించెను. పోయినదని ఆమెయే తలచిన 1915 నాటి ఫాన్షాన్ ది క్రికెట్ తరువాత ఫ్రాన్సుదేశపు చిత్రభాండాగారమున దొరకెను. 1911 నాటి చిన్నచిత్ర మొకటి 2006లో న్యూ హాంప్‌షైరులో పాతకొట్టము గూల్చుచున్న వడ్రంగి కంటబడెను!

సేకరణ మొదలిడువారు మూడు చిత్రములతో నారంభించుట మేలు. మొదటిది స్పారోస్, 1926 నాటిది. చిత్తడినేలల నడుమ అనాథశిశువులను బంధించి పెట్టిన దుర్మార్గుని బాఱినుండి, మొసళ్ల మడుగుల మీదుగా ఒక పడుచు ఆ పిల్లలను దాటించు కథ. రెండవది స్టెల్లా మారిస్, 1918 నాటిది. కష్టమెఱుగక పెరిగిన ధనికుల బిడ్డగాను, దెబ్బలు దిని పెరిగిన అనాథగాను మేరీయే నటించినది. చూచువారు ఇరువురును ఒక్కరేయని నమ్మజాలరు. దీనికి కథ కూర్చినది ఫ్రాన్సెస్ మారియన్ అను స్త్రీయే. మూడవది మై బెస్ట్ గర్ల్, 1927 నాటిది, దుకాణములో పనిచేయు పిల్ల ప్రేమకథ, హాస్యమునకు లోటులేదు. మైల్‌స్టోన్ సంస్థ 2012లో స్పారోస్‌తోపాటు మఱి రెండు చిత్రములను జేర్చి ఒక సంపుటము వెలువరించినది.

కొనునపుడు కొన్ని జాగ్రత్తలు వలయును. అమెరికా చట్టము ప్రకారము చిత్రము వెలువడి 95 సంవత్సరములు నిండినపిమ్మట హక్కులు తీఱును. గావున ఈమె మూగచిత్రములను ఎవరైనను డిస్కులుగా జేసి అమ్మవచ్చును. చవుకగా దొరకువానిలో పలుమాఱులు నకలు తీసి మాసిపోయినవి అనేకములు. అంతకంటె పెద్దలోపము వేగము. ఆనాటి కెమెరాను చేతితో త్రిప్పెడివారు. సెకనుకు పదునాఱు, ఇరువది బొమ్మల చొప్పున దీసినదానిని మాటలచిత్రమువలె ఇరువదినాలుగు చొప్పున నడిపినచో మనుష్యులు గంతులు వేసినట్లు కనబడుదురు. విషాదఘట్టము గూడ నవ్వు పుట్టించును. మేరీ భయపడినది ఆ నవ్వుకే గదా! ఆ నవ్వులో కొంతవఱకు దోషము నటిది కాదు, నకలుది. కావున వేగము సరిచేసి, మూలప్రతినుండి బాగుచేసి, తగిన సంగీతము జేర్చినదానినే కొనవలయును. పది చవుకవానికంటె మంచిది ఒకటి మేలు.

మఱియొకటి. అమెరికాలో అమ్ము డీవీడీలలో పెక్కు ఒకటవ మండలమునకు జేసినవి. మనదేశము అయిదవ మండలము. బ్లూరేలో వారిది ఏ, మనది సీ. మండలపు కట్టుబాటు గల డిస్కు మన యంత్రమున నాడదు. డిస్కు వెనుక గుర్తు చూచియో, అన్ని మండలములకు జెల్లు యంత్రము సంపాదించియో కొనుట వివేకము. ఇంటికి వచ్చినపిదప డిస్కును అంచులు పట్టుకొని తీయవలయును. ఎండకును చెమ్మకును దూరముగా, పుస్తకములవలె నిలువుగా నుంచవలయును. దుమ్ము తుడుచునపుడు మెత్తని గుడ్డతో నడుమనుండి అంచునకు తిన్నగా తుడువవలెనుగాని గుండ్రముగా రుద్దరాదు.

అంతర్జాలమున చూడ దొరకుచుండగా డిస్కులేల యని కొందఱందురు. అక్కడ నేడున్నది రేపుండునను నమ్మకము లేదు. ఏండ్లతరబడి తపాలాలో డిస్కులు పంపిన నెట్‌ఫ్లిక్సు సంస్థ 2023 సెప్టెంబరుతో ఆ పని మానివేసెను. అందుండిన పాతచిత్రములెన్నో వారి అంతర్జాలసేవలో లేవు. మన పెట్టెలోనిది మన అనుమతి లేక పోదు.

అయితే దాచుట యనగా తాళము వేయుట కాదు. మూగచిత్రములో సంభాషణలు నడుమనడుమ అక్షరములుగా తెరమీద గనబడును. మూకీల కాలమున మన సినిమాహాళ్లలో తెరప్రక్కన నిలిచి కథ చెప్పువారుండెడివారు. అట్లే తల్లియో అక్కయో ఆ యింగ్లీషుమాటలను తెలుగున జదివి చెప్పినచో పసిపిల్లలును ముసలివారును గూడి చూచి ఆనందింపవచ్చును.

మన మొదటి తెలుగు మాటలచిత్రము, సురభి కమలాబాయి నటించిన 1932 నాటి భక్తప్రహ్లాద, నేడు మనకు చూడ దొరకదు. ఆ కొఱత తీర్చుట మన చేతిలో లేదు. ఉన్నవానిని నిలుపుట మాత్రము మన చేతిలోనిదే. అటకమీది పాతకేసెట్లను, డిస్కులను పాఱవేయబోవు సోదరీమణులు ఒక్కమాఱు వాని పేళ్లు చదివి చూడవలెనని మా మనవి.