కాలేయానికీ ఒక ఆటల గంట

మద్యం తాగేవారికే కాలేయం చెడుతుందని చాలామంది నమ్మకం. కానీ పిల్లల కాలేయంలోనూ కొవ్వు పేరుకుంటుంది. ఊబకాయం, పొట్ట చుట్టూ కొవ్వు, తీపి పానీయాలు, ఆటలు లేకపోవడం, ఇంట్లో ఎవరికైనా మధుమేహం ఉండటం ఈ ముప్పును పెంచుతాయి. సన్నగా ఉన్నామన్న ధీమా కూడా పనికిరాదు. మొదట్లో నొప్పి తెలియదు. మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా మారితే డాక్టరు గారికి చూపించాలి.

300 మి.లీ. కూల్‌డ్రింకులో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. అందుకే మా విన్నపం: పరీక్షల పేరుతో సాయంత్రం ఆటల గంటను స్టడీ అవర్‌గా మార్చవద్దు. వార్షికోత్సవానికి వచ్చే అన్నయ్యలూ, అక్కయ్యలూ! కూల్‌డ్రింకు కేసులకు బదులు జామకాయలు, వేయించిన పల్లీలు, ఒక వాలీబాల్ తెండి. ఆడటం మేము చూసుకుంటాం.