గాలి తిరగని రోజు

వేసవి సెలవుల్లో వైజాగ్ వెళ్లినవాళ్లు చేసే పనులు నాలుగే. ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తు తినడం, కైలాసగిరి మీద ఫొటో దిగడం, సబ్‌మెరైన్ మ్యూజియంలో తలకాయ కొట్టుకోవడం, సింహాచలం అప్పన్నకు దణ్ణం పెట్టుకోవడం. మొన్న మే నెలలో మాకు ఐదోది తట్టింది. నడక!

ఆ ఆలోచన మా బావమరిదిదని ఇంట్లో చెబుతుంటాను కానీ, నిజానికి నాదే. భీమిలికి కారులో ఎన్నోసార్లు వెళ్లాం, ఈసారి మంగమారిపేటలో దిగి ఒడ్డు వెంట నడుచుకుంటూ వెళదామన్నాను. పది, పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది.

‘‘మే నెలలోనా?’’ అంది మా ఆవిడ.

‘‘సముద్రం పక్కన ఎండేమిటే?’’ అన్నాను. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

తెల్లారి ఆరింటికే బయల్దేరాలనుకున్నాం. అత్తగారింట్లో ఇడ్లీలు తినకుండా గడప దాటడం అల్లుడి చేతిలో ఉండదు కదా! మంగమారిపేటలో దిగేసరికి ఎనిమిదిన్నర. నేను, బావమరిది, తొమ్మిదో తరగతిలోకి వచ్చిన మా అమ్మాయి. మా వెంట రెండు లీటర్ల నీళ్ల సీసా ఒకటి, రెండు బిస్కెట్ ప్యాకెట్లు, మూడు టోపీలు.

అక్కడ అలలు కోసిన బండ తోరణంలా నిలబడి ఉంటుంది. ఫొటోలు తీసుకున్నాం. ఎదురుగా తొట్లకొండ. 1988 నుంచి 1992 దాకా తవ్వకాలు జరిపితే అక్కడ బౌద్ధారామం బయటపడింది. భిక్షువులు నీళ్ల కోసం బండలో తొట్లు తొలిచారని, అందుకే కొండకు ఆ పేరని మా అమ్మాయికి వివరంగా చెప్పాను. రెండు వేల ఏళ్ల కిందటే నీళ్ల సంగతి ఆలోచించినవాళ్ల గురించి అంత గొప్పగా చెప్పినవాణ్ని, ముగ్గురికి కలిపి ఒక్క సీసాతో బయల్దేరాను!

పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. పడవ నీడలో ఒక పెద్దాయన వల కుట్టుకుంటున్నాడు.

‘‘ఏటి బాబూ, ఎండలో ఎందాకా?’’

భీమిలి అన్నాను. ఆయన సముద్రం వైపు చూడలేదు. తలెత్తి కొండల వైపు చూశాడు.

‘‘గాలి పడమర్నుంచి కొడతంది. ఇయాల సంద్రం గాలి రాదు. పాపని తీసుకుని ఎల్లకండి.’’

నేను సెల్‌ఫోన్ చూశాను. ముప్పయ్యారు డిగ్రీలంది. పాపం పెద్దాయన, మనం మరీ సుకుమారులమని అనుకుంటున్నాడు అనుకుని ముందుకు నడిచాను.

ఆయన చెప్పింది నాకు అర్థమయ్యేసరికి మధ్యాహ్నమైంది. మామూలు రోజుల్లో పొద్దెక్కేకొద్దీ నేల తొందరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. ఏ పదింటికో, పదకొండింటికో ఆ గాలి తగిలితే తీరం ఊళ్లు బతికిపోతాయి. మే నెలలో కొన్ని రోజులు లోపలి నుంచి పొడి వడగాలి బలంగా కొట్టి దాన్ని ఒడ్డు ఎక్కనివ్వదు. ఎదురుగా అంత సముద్రం ఉన్నా, ఆ రోజు దాని వల్ల ఉపయోగం ఉండదు. ఇక రెండు గాలులూ తేల్చుకోక స్తంభించిపోయిందా, ఉప్పు తేమలో చెమట ఆరదు. చెమట ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! ఫోన్‌లో చూపించిన ముప్పయ్యారులో ఇదంతా లేదు.

చేపలుప్పాడ దాటేసరికి సీసా ఖాళీ. అంతవరకూ గవ్వలేరుతూ వాగుతున్న మా అమ్మాయి నోరు మెదపడం మానేసింది. ‘బుద్ధిగా నడుస్తోంది’ అని సంతోషించాను కూడా! నేవీ వారి కంచె కనిపించాక రోడ్డెక్కాం. తారు మీద చెప్పులు అంటుకుంటున్నాయి. దుకాణం ఏదైనా వస్తుందేమోనని చూస్తూ చూస్తూ ఎర్రమట్టి దిబ్బల దాకా వచ్చేశాం.

ఎర్రమట్టి దిబ్బలు సినిమా పాటల్లో మీరంతా చూసే ఉంటారు. వేల ఏళ్లపాటు గాలి, వాన, సముద్రం కలిసి పేర్చి, కోసిన ఇసుక. రేణువులకు ఇనుము తుప్పు పూతలా పట్టి ఆ ఎరుపు వచ్చింది. 2014లో భూవిజ్ఞాన సర్వే వాళ్లు దాన్ని జాతీయ భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తించారు. ఈ ముక్కలే చెబుతున్నాను. ‘‘నాన్నా, దిబ్బలు కదులుతున్నాయి’’ అంది అమ్మాయి. నవ్వబోయి దాని మొహం చూశాను. మంకెన పువ్వులా ఉంది. చెయ్యి పట్టుకుంటే కాలుతోంది. మరుక్షణం కూలబడి వాంతి చేసుకుంది.

చెట్టు నీడైనా దగ్గర్లో లేదు. నేనూ, బావమరిదీ చెరో వైపు పట్టుకుని దించుకుంటూ ఎంత దూరం వెళ్లామో గుర్తులేదు. తాటాకు పాక కింద ఎండుచేపలు గంపలకెత్తుతున్న ఇద్దరు ఆడవాళ్లు మమ్మల్ని చూసి ఎదురొచ్చారు. ఒక్క ప్రశ్న అడగలేదు. పిల్లను లాక్కుని నీడలో పడుకోబెట్టారు. పాత చీర ముక్క బిందెలో ముంచి మెడకీ, చంకల కిందా పెట్టారు. ఒకావిడ తాటాకు విసనకర్ర అందుకుంది. కళ్లు తెరిచి పేరు చెప్పాక, అప్పుడు, గ్లాసులో ఉప్పేసిన చోడి అంబలి గుక్క గుక్కగా పట్టించారు. నేను గబగబా తాగించబోతే పెద్దావిడ నా చెయ్యి మీద ఒక్కటేసింది.

‘‘సదువుకున్నోలే కదా బాబూ! మిట్టమద్దేనం పిల్లని తిప్పడానికి బుద్ధుండాల!’’

మా నాన్న పోయాక నన్ను అంత చనువుగా తిట్టినవాళ్లు లేరు. తలొంచుకుని పడ్డాను. అరగంటకి అమ్మాయి లేచి కూర్చుని, ఇంకొంచెం అంబలి ఉందా అని అడిగింది. బావమరిది అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. చెమట అన్నాడు.

డబ్బిస్తే తీసుకోలేదు. వేట లేని రోజులు, ఆ గంపలే వాళ్లకు ఆధారం అని తెలిసి కిలో నెత్తళ్లు కొంటానన్నాను. ఆ బేరం మాత్రం గట్టిగానే ఆడింది, నేను కిమ్మనకుండా ఇచ్చాను. ఆటోలో అమ్మాయిని భీమిలి ఆసుపత్రిలో చూపించుకుని, పొద్దువాలాక బస్సులో తిరిగొచ్చాం. నెత్తళ్ల వాసనకి పక్క సీటాయన లేచి వెళ్లి వెనక నిలబడ్డాడు. అమ్మాయి ఆ సీట్లో కాళ్లు చాపుకుని పడుకుంది.

‘‘భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూశారా?’’ అంది మా ఆవిడ, ఇంకా ఏమీ తెలియక. బావమరిది నా మొహం చూశాడు. నేను నెత్తళ్ల సంచి ఆవిడ చేతికిచ్చి లోపలికెళ్లాను.

తర్వాత ఏమేం అందో ఈ పేజీలో రాయడానికి వీల్లేదు. రెండు రోజులు పోయాక పొద్దున్నే, ‘పోనీ కైలాసగిరి వెళదామా’ అని మెల్లగా కదిపాను. మా అమ్మాయి డాబా మీదికెళ్లి, కొండల వైపు తిరిగి కాసేపు నిలబడి వచ్చింది.

‘‘పడమర గాలి. నేను రాను’’ అంది.