బిడ్డ నోటికాడి ముద్ద పోతుంటే ఊకుందామా?

అక్కలారా! చెల్లెండ్లారా! బీడీలు చుట్టే తల్లులారా! మగ్గం నేసే అన్నలారా, అడ్డా మీద నిలబడే తమ్ములారా!

బిడ్డ పుట్టింది. సర్కారు దవాఖానలనే పుట్టింది. టీకాలన్నీ ఏయించినం. కార్డు నిండా సంతకాలు పడ్డయి. మరి పైసలేయి?

యాది చేసుకోండ్రి. 2017 జూన్‌ల కేసీఆర్ కిట్టు తెచ్చిండ్రు. మగపిల్లగాడైతే 12 వేలు, ఆడపిల్లయితే 13 వేలు అన్నరు. కడుపుతోటి ఉన్నప్పుడు 3 వేలు, కాన్పుకు 4 వేలు, ఆడపిల్లయితే ఇంకో వెయ్యి. మూడున్నర నెలల టీకాకు 2 వేలు, తొమ్మిదో నెల టీకాకు 3 వేలు. ఎందుకు పెట్టిండ్రు? నెలలు నిండినామె కూలి మానుకుంటె పొయ్యి ఎలగది గనుక! పచ్చి బాలింత నాట్లకు దిగద్దు గనుక! ప్రైవేటు దవాఖానల కోతలు కోయించుకొని అప్పులపాలు కావద్దు గనుక! ఎవలన్న జేబుల నుంచి తీసి ఇచ్చిండ్రా? మన పైసలే మనకు!

పాత సర్కారు ఉన్నప్పుడే వాయిదాలు వెనుకబడ్డయి. 2023 డిసెంబరుల సర్కారు మారింది, కిట్టు పేరు మారింది, ఎంసీహెచ్ కిట్టు అయింది. సంచి మీద ఎవరి బొమ్మ ఉండాలె అని వాళ్లకు వాళ్లకు పంచాది! బొమ్మ చూస్తె పసిగుడ్డు ఆకలి తీరుతదా? పాసుబుక్కు తెరిచి చూడుండ్రి. ఆఖరి వాయిదా దాక పడ్డదా? మీ వాడకట్టుల ఎందరికి పడ్డది?

ఢిల్లీ వాళ్లేమన్న తక్కువ తిన్నరా? బాలింతకు 6 వేలకు తక్కువ కాకుండ ఇయ్యాలని 2013 ఆహార భద్రత చట్టంలనే రాసిండ్రు. 2017ల మాతృవందన పథకం పెట్టి మొదటి కాన్పుకు 5 వేలే అన్నరు. మా కిట్టు ఉంది గద అని మన రాష్ట్రం దాన్ని పక్కకు వెట్టింది. ఇటు కిట్టు పైసలకు కాళ్లరిగేటట్టు తిరుగుడు, అటు కేంద్రం పైసలు ఏండ్లకొద్ది మన గడప తొక్కలేదు. ఎవరిని అడగాలె? ఇద్దరినీ అడుగుదాం!

ఇగ అంగన్‌వాడీ సంగతి. మూడేండ్ల లోపు బిడ్డకు బాలామృతం, గుడ్లు తెచ్చుకోవాలంటె 2025 జులై నుంచి తల్లి ముఖం ఫోన్ల పట్టాలెనట! ఆధార్‌కు అతికించిన నంబరుకు ఓటీపీ రావాలెనట! ఆ నంబరు పెనిమిటి దగ్గర ఉంటది, పెనిమిటి పట్నంల పనికాడ ఉంటడు. కొన్నిండ్లల్ల రీచార్జి లేక ఆ సిమ్ము ఎప్పుడో చచ్చింది. సిగ్నల్ లేని తండాల ఏ సర్వరు పలుకుతది? దుబ్బాకల బీడీల గంప ఇడిసిపెట్టి, చంటిపిల్లను సంకనేసుకొని, ఫోన్ ముందట ఎన్ని మాట్ల నిలబడాలె? టీచరమ్మను తిట్టకుండ్రి. ఆమె కూడ మన తోటి బాధపడేదే.

గుడ్డు ధర మనకు తెల్వదా? అంగన్‌వాడీ బిడ్డ పౌష్టికాహారానికి కేంద్రం కట్టిన లెక్క రోజుకు 8 రూపాయలు! 2017ల రాసిన లెక్క అది! పప్పు పిరమైంది, నూనె పిరమైంది, గ్యాసు పిరమైంది. బిడ్డ ఆకలే సస్తయిందా?

అడుగుతె ఆగం చేస్తరని భయమా? పదిమంది పోతె పక్కకు నెడతరేమో. దుబ్బాక, చేర్యాల, హుస్నాబాద్, గజ్వేల్, సిద్దిపేట తల్లులంత ఒక్కతాన నిలబడితె నెడతరా?

వచ్చే సోమవారం ప్రజావాణి! దుద్దెడ కాడ మన సిద్దిపేట జిల్లా కలెక్టరాఫీసు! పడని వాయిదాలన్నీ పడాలె. ఫోన్ పనిచెయ్యకున్న బిడ్డ వాటా బిడ్డకు అందాలె. 8 రూపాయల లెక్క పెంచాలె. అత్తలు, అమ్మమ్మలు కూడ రాండ్రి. పిల్లలను ఇంట్ల ఇడిసి రాకుండ్రి, ఎత్తుకొనే రాండ్రి. ముఖాలు చూపియ్యమన్నరు గద, చూపిద్దాం!

తల్లీబిడ్డ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, రెండింటి జిరాక్సులు ఎంట తెచ్చుకోండ్రి. దరఖాస్తు ఇచ్చినంక రసీదు చేతికి రాంది ఎవ్వరు వాపసు పోవద్దు.