సిగ్నల్ కోసం గుట్టలెక్కడం ఇంకెన్నాళ్లు?

పత్తి పండించడం ఒక ఎత్తు, అమ్ముకోవడం మరో ఎత్తు. 2025-26 సీజన్‌లో ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకుంటేనే కొంటామని సీసీఐ చెప్పింది. ఆ సీజన్‌లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. సిగ్నల్ అందిన రైతుకు ఆ ధర. ఆదిలాబాద్ ఏజెన్సీ గూడేల్లో ఫోన్ పట్టుకొని గుట్టలెక్కే రైతుకు దళారి చెప్పిందే ధర. కరెంటు, నీళ్లలాగే నెట్ కూడా ఇవాళ సాగు అవసరమే.

పది గూడేల కోసం టవర్ వేస్తే గిట్టదని కంపెనీలు లెక్కలేసుకుంటాయి. అయితే ఊరే వల అల్లుకునే దారి ఒకటుంది. దాన్ని మెష్ నెట్‌వర్క్ అంటారు. ఇంటి కప్పు మీద ఒక చిన్న వైఫై పెట్టె, ఎదురుగా కనిపించే ఇంకో కప్పు మీద మరొకటి. ఒకటి అందుకున్న సిగ్నల్ రెండోదానికి పంపుతుంది. నడుమ ఒకటి చెడిపోతే పక్క పెట్టె మీదుగా దారి మళ్లుతుంది. చెట్లు, గుట్టలు అడ్డమొస్తే ఎత్తు మీద సోలార్ పెట్టె పెట్టాలి.

ఇది గాలిమాట కాదు. ధర్మశాల కొండల్లో 2005లో ఎయిర్‌జల్ది ఇట్లనే మొదలైంది. స్పెయిన్‌లోని కాటలోనియాలో 2004లో పల్లెల నుంచి మొదలైన గైఫీ నెట్ వేల పెట్టెలకు పాకింది. మన జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008లో మొదలైన సంఘం రేడియోను నడిపింది పల్లె దళిత మహిళలే.

వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పరిమిత శక్తితో నడిచే 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి కింద చిన్న దుకాణందారు కూడా లైసెన్సు లేకుండా నెట్ పంచవచ్చు.

పెట్టెలు బిగించడం సులువు, నిలబెట్టడమే కష్టం. చెరువుకు నీరటికాడు ఉన్నట్టు వలకూ ఒక మనిషి కావాలి. ఆయకట్టు రైతులు నీరటికి గింజలు కొలిచినట్టు, ఊరంతా నెలకింత వేసుకొని అతని కష్టానికి ఇవ్వాలి. లేకుంటే మొదటి బ్యాటరీ పోయిన రోజే వల తెగుతుంది.

మనం వల అల్లుకుంటే సర్కారు బాధ్యత తీరదు. పంచాయతీ దాకా వచ్చిన భారత్‌నెట్ తీగను పనిలో పెట్టి రైతు వేదికకు ఇవ్వాలి. ఫోన్ లేని రైతుకు కాగితం మీద స్లాట్ రాసివ్వాలి. యాప్ లేదని ఏ బండినీ వెనక్కి పంపొద్దు.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మన గ్రామ కమిటీలు ఈ నెలలోనే సిగ్నల్ లేని వాడలు, ఎత్తైన కప్పులు, ఆసక్తి ఉన్న యువకుల పేర్లు రాసి మండల కమిటీకి అందజేయాలి. వచ్చే పత్తి తీతలోపు కనీసం ఒక్క ఊళ్లోనైనా వల నిలబెడదాం.