కుక్కకు స్వాగతం, కాలిబాటకు కంచె

శుక్రవారం సాయంత్రమయ్యేసరికి హైదరాబాద్ నుంచి చేవెళ్ల, శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు కార్లు బారులు తీరుతాయి. వాటి వెనుక కిటికీల్లోంచి తల బయటపెట్టి గాలి పీల్చుకునే లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు ఇప్పుడు మామూలు దృశ్యం. అపార్ట్‌మెంట్ జీవితంతో విసిగిన కుటుంబాలు పెంపుడు కుక్కతో సహా రెండు రోజులు పల్లెలో గడిపి వచ్చేందుకు వీలుగా ‘పెట్ ఫ్రెండ్లీ’ ఫామ్‌హౌస్‌లు, కాటేజీలు వెలిశాయి. కుక్క పరుగెత్తడానికి పచ్చిక, అది ఈదడానికి చిన్న కొలను, దానికి వేరే పడక, వేరే వంట. కుక్కను ప్రేమించడంలో తప్పుపట్టవలసిందేమీ లేదు. మనిషి తనకంటే బలహీనమైన ప్రాణితో దయగా మెలగడం నాగరికతే. అయితే ‘స్వాగతం’ అన్న బోర్డు కనిపించిన ప్రతిచోటా, ఎవరికి స్వాగతం, ఎవరికి కాదు అని అడగడం ఈ దేశంలో వెలివాడల్లో పుట్టినవారికి తరతరాలుగా అబ్బిన విద్య. ఆ ప్రశ్నను ఈ కాటేజీల గేటు దగ్గర కూడా వేయాలి.

బోర్డుల విషయంలో మన జాతీయ జ్ఞాపకం చాలా చురుకైనది. చిట్టగాంగ్‌లోని పహర్తలీ యూరోపియన్ క్లబ్ ముందు కుక్కలకు, భారతీయులకు ప్రవేశం లేదని రాసి ఉండేదని చెబుతారు. 1932 సెప్టెంబరులో ప్రీతిలతా వడ్డేదార్ ఆ క్లబ్‌పై దాడికి నాయకత్వం వహించి ప్రాణాలర్పించింది. ఆ అవమానం పాఠ్యపుస్తకాల్లోనూ సినిమాల్లోనూ నేటికీ రగులుతూనే ఉంది, రగలాలి కూడా. కానీ సరిగ్గా అదే వారంలో, దేశానికి మరో కొసన, ఎరవాడ జైలు గోడల మధ్య పూనా ఒడంబడిక కుదిరింది. ఆ ఒడంబడికకు కారణమైన జనానికి క్లబ్ బోర్డు దాకా వెళ్లే అవసరం లేదు. వాళ్ల ఊరి చెరువు దగ్గరే, రాతలేని బోర్డు వేలాడుతూ ఉండేది. అయిదేళ్ల ముందు, 1927 మార్చిలో, మహద్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టినప్పుడు ఆ బోర్డే బయటపడింది. పశువులు దిగి తాగగల నీటిని మనుషులు తాకినందుకు చెరువును పంచగవ్యాలతో ‘శుద్ధి’ చేశారు. తెల్లవాడి బోర్డు కుక్కనూ భారతీయుడినీ ఒక గాటన కట్టింది. మన బోర్డు కుక్కను లోపలికి రానిచ్చి మనిషిని మాత్రమే ఆపింది. రెండింటిలో ఏది ఎక్కువ క్రూరమో తేల్చుకోవలసిన బాధ్యత దేశభక్తులకే వదిలేస్తాను.

జాషువా ఈ సంగతిని మనందరికంటే ముందే కవిత్వంలోకి తెచ్చాడు. 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో తన గోడును శివుడి చెవిన వేయడానికి అరుంధతీసుతుడు గబ్బిలాన్ని ఎంచుకోవడానికి కారణం ఒక్కటే: గుడిలోకి అది వెళ్లగలదు, తాను వెళ్లలేడు. ఇక 1985 జూలై 17 నాటి కారంచేడు మారణకాండకు ముందురోజు తగాదా మొదలైందే మాదిగపల్లె తాగునీటి చెరువు దగ్గర, గేదెను కడిగిన నీటి విషయంలో. పశువుకూ మనిషికీ మధ్య ఎవరి నీళ్లు ముఖ్యమన్న ప్రశ్నకు ఆరుగురు దళితులు ప్రాణాలతో మూల్యం చెల్లించారు. కాబట్టి జంతుప్రేమ అనే మాట మనకు ఎప్పుడూ కులం అంటని మాటగా వినిపించదు.

కుక్క కథ ఇంకా పాతది. మనుస్మృతి పదో అధ్యాయం చండాలురను, శ్వపచులను ఊరి బయట ఉండమంటుంది. కుక్కలు, గాడిదలే వారి సొత్తు కావాలంటుంది. ‘శ్వపచుడు’ అంటేనే కుక్కను వండుకు తినేవాడు. అంటే శాస్త్రం దృష్టిలో కుక్క నీచత్వానికి ముద్ర. మహాభారతంలో మాత్రం రెండు కుక్కలున్నాయి. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్కను అందరూ గుర్తుంచుకున్నారు. దాన్ని వదిలి స్వర్గానికి రానని ఆయన పట్టుబట్టడం, ఆ కుక్క సాక్షాత్తూ ధర్మదేవతేనని తేలడం మన ఉపన్యాసాలకు ఇష్టమైన ఘట్టం. ఆదిపర్వంలోని కుక్కను ఎవరూ తలచుకోరు. పాండవులు కుక్కను వెంటబెట్టుకుని అడవికి వేట విహారానికి వెళ్తారు. నేటి భాషలో చెప్పాలంటే వారాంతపు విహారమే. ఆ కుక్క దారితప్పి, మట్టికొట్టుకుపోయిన నల్లని ఒంటితో సాధన చేసుకుంటున్న నిషాద యువకుణ్ని చూసి మొరుగుతుంది. అతడు దాని నోటిని బాణాలతో నింపుతాడు. ఆ నేర్పు చూసి రాకుమారులు నివ్వెరపోతారు, గురువుకు కబురు చేరుతుంది, ఏకలవ్యుడి బొటనవేలు తెగిపడుతుంది. పాపం కుక్కది కాదు. అది తన యజమానుల కళ్లతో చూసింది, తన యజమానుల లోకానికి చెందనివాణ్ని చూసి మొరిగింది. అయితే విహారానికి వచ్చినవాళ్లు ఎలా వచ్చారో అలాగే తిరిగి వెళ్లారు. అడవిలో ఉన్నవాడు మాత్రం వేలు పోగొట్టుకున్నాడు. పల్లెల్లోకి నడిచివచ్చే వినోదాన్ని అంచనా వేయడానికి ఈ కథ నాకు చాలా ఆధునిక గ్రంథాలకంటే బాగా పనికొస్తుంది.

ఇప్పుడు కుక్క హోదా మారింది, కానీ అన్ని కుక్కలదీ కాదు. కాటేజీ గేటు లోపల ఉన్నది ‘జాతి కుక్క’. గేటు బయట రాళ్లు తింటున్నది ఊరకుక్క. మన భాష ఎంత నిజాయితీగలదంటే, కులానికీ కుక్క రకానికీ కూడా ‘జాతి’ అనే మాటనే వాడుతుంది. బ్రిటన్‌లో 1873లో ఏర్పడిన కెన్నెల్ క్లబ్ వంశావళి పుస్తకాలు పెట్టి, జాతి లోపలి సంపర్కంతోనే స్వచ్ఛత నిలుస్తుందని నమ్మించింది. ఫలితంగా ఊపిరాడని ముక్కులు, అరిగిపోయే తుంటికీళ్లు వచ్చాయి. 2008లో బీబీసీ డాక్యుమెంటరీ ఆ వికృతిని బయటపెట్టాక, మరుసటి ఏడాది ఆ క్లబ్ తోబుట్టువుల మధ్య, తల్లిదండ్రులు సంతానం మధ్య పుట్టిన పిల్లలను నమోదు చేయడం మానుకోవలసి వచ్చింది. కులానికి మూలం అంతర్వివాహమేనని అంబేడ్కర్ 1916లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో నిరూపించారు. కుక్కల విషయంలో తప్పు దిద్దుకోవడానికి ఒక సినిమా చాలింది. మన పెళ్లి ప్రకటనల పేజీకి ఎన్ని సినిమాలు కావాలో తెలియదు.

ఈ కాటేజీ అనే ఊహ మనది కాదు, ఇంగ్లండ్‌ది. అక్కడ కుక్కతో కలిసి పల్లె కాటేజీలో నాలుగు రోజులు గడపడం మధ్యతరగతి వార్షిక క్రతువు. అయితే అక్కడి కాటేజీకి ఒక చరిత్ర ఉంది. తీగలు పాకిన ఆ రాతి ఇళ్లలో చాలామటుకు ఒకనాటి వ్యవసాయ కూలీల కొంపలే. పని ఉన్నంతవరకే ఇల్లు. పని పోతే కుటుంబమంతా రోడ్డు మీదకి. ఈ కట్టుబాటు ఇళ్ల కూలీలకు గట్టి రక్షణ దొరకడానికి 1976 చట్టం దాకా ఆగవలసి వచ్చింది. తర్వాత కూలీలు తగ్గి, ఇళ్లు సెలవు గూళ్లయ్యాయి. వేల్స్‌లో స్థానిక యువత సొంత ఊళ్లో ఇల్లు కొనలేక వలసపోతున్నదన్న ఆందోళనతో, 2023 ఏప్రిల్ నుంచి రెండో ఇళ్లపై స్థానిక పన్నును మూడొందల శాతం దాకా అదనంగా విధించే అధికారాన్ని కౌన్సిళ్లకు ఇచ్చారు. అంటే అందమైన కాటేజీ వెనుక ఇల్లు కోల్పోయినవాడు ఒకడుంటాడని అక్కడి చట్టమైనా ఆలస్యంగా గుర్తించింది.

అక్కడ మరొకటి కూడా ఉంది: కాలిబాట. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్, షెఫీల్డ్ కార్మికులు వందల సంఖ్యలో, ప్రభువులు గ్రౌస్ పక్షుల వేటకోసం మూసుకున్న కిండర్ స్కౌట్ కొండపైకి నిషేధాన్ని ధిక్కరించి నడిచారు. అయిదుగురు యువకులు జైలుకెళ్లారు. ఆ నడక ప్రభావం 2000 సంవత్సరపు చట్టం దాకా సాగి, కొండలు, బీడుభూముల మీద సామాన్యుడికి నడిచే హక్కు తెచ్చింది. ఆ నేలల్లో మార్చి 1 నుంచి జూలై 31 వరకు, నేల మీద గూళ్లు కట్టే పక్షుల కోసం, కుక్కను పొట్టి తాడుతో పట్టుకునే నడవాలి. పొలంలో గొర్రెలను కుక్క తరిమితే యజమాని నేరస్థుడని 1953 చట్టం చెబుతుంది. విహారికి స్వేచ్ఛ ఉంది, ఆ స్వేచ్ఛకు మెడపట్టీ కూడా ఉంది. మనవాళ్లు కాటేజీని దిగుమతి చేసుకున్నారు. కాలిబాటను, మెడపట్టీని ఓడలోనే వదిలేశారు. ఫామ్‌హౌస్ ప్రహరీ లేచాక మొదట మాయమయ్యేది బండ్లబాట. మాదిగవాడ నుంచి శ్మశానానికి, గొల్లకురుమల మందలు కుంటకు వెళ్లే దారి గ్రామ నక్షాలో ఉంటుంది, నేల మీద ఉండదు. కాపలా కుక్క గొర్రెను చీల్చితే పరిహారం అడగడానికి వెళ్లిన కాపరి మళ్లీ ఆ గేటు దగ్గరే నిలబడాలి.

ఇంతకీ ఈ పచ్చిక ఎవరి నేల? జంట జలాశయాల పరిరక్షణకోసం 1996 మార్చిలో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. ఆ నిషేధం నీడలోనే ‘వ్యవసాయం’ పేరున తోటలు, తోటల్లో ఇళ్లు, ఇళ్లలో అతిథులు వచ్చారు. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలూ సడలాయి. మరోవైపు భూమిలేని దళిత, బహుజన కుటుంబాలకు పంచిన అసైన్డ్ భూముల బదిలీని నిషేధిస్తూ 1977లోనే చట్టం వచ్చింది. చేతులు మారిన భూమిని తిరిగి తీసుకుని లబ్ధిదారుకు అప్పగించాలని ఆ చట్టమే చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూముల అమ్మకానికి దారి తెరిచింది. పేదవాడికి తన నేల ధర పొందే హక్కు ఉండకూడదని ఎవరూ అనరు. కానీ తెల్లకాగితం మీద చవగ్గా ఎప్పుడో కొనేసినవాడికి ఆ హక్కు దొడ్డిదారిన చేరకుండా చూసే యంత్రాంగం ఏదీ?

మా విభాగంలో పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థి తండ్రి ఇటువంటి తోటలో కాపలా ఉంటాడు. ఆ నేలలో రెండెకరాలు ఒకప్పుడు తాత పేరిట వచ్చిన పట్టా. “మా నాన్న ఆ భూమి మీద కూలీగా కూడా లెక్కకాడు సార్, వాచ్‌మన్ అంటారు. అతిథుల కుక్కల గదిలో కూలర్ ఉంది, గేటు పక్కన మా గదికి రేకుల కప్పు” అన్నాడు ఆ కుర్రవాడు. కోపం లేకుండా, నివేదిక చదివినట్టు అన్నాడు. కాపలావాడి బతుకూ కుక్క బతుకూ మన నగరంలో మరోలా కూడా తారసపడతాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో చనిపోయిన నాలుగేళ్ల బాలుడు సెక్యూరిటీ గార్డు కొడుకు. తండ్రి పనిచేసే చోటికి వెంట వచ్చాడు. కుక్కల మీద జరిగే చర్చల్లో జంతుప్రేమికులు, జంతుభీతులు అని రెండు పక్షాలే కనిపిస్తాయి. కంచె లోపల నిద్రించేవాడు, కంచె దగ్గర నిద్రించేవాడు అన్న విభజన కనిపించదు.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. రాజ్యాంగంలోని 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్లు, వినోదస్థలాల్లోకి కులం పేరిట ప్రవేశాన్ని నిరాకరించరాదంటుంది. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో ‘దుకాణం’ అన్న పదానికి పరిధి ఏమిటని ప్రశ్న వచ్చినప్పుడు, డబ్బు తీసుకుని సేవ అందించే ఎవరికైనా అది వర్తిస్తుందని అంబేడ్కర్ విశాలంగా వివరించారు. పౌరహక్కుల రక్షణ చట్టం ‘హోటల్’ నిర్వచనంలో లాడ్జింగులను, బోర్డింగులను చేర్చింది. యాప్‌లో బుక్ చేసుకునే తోట ఇల్లు వీటికి అతీతం కాదు. బుకింగ్‌కు ముందు ఇంటిపేరు, ఊరు, ‘మీరు వెజ్జేనా’ అని ఆరా తీసే యజమాని అడుగుతున్నది ఆహారం గురించి కాదని అడిగించుకున్నవారికి తెలుసు.

బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లిన అంబేడ్కర్‌కు బస దొరకలేదు. చేసేదిలేక పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో దిగారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చినవాళ్లు గది ఖాళీ చేయించారు. కొలంబియాలో చదివివచ్చిన మనిషి రైలు వేళ దాకా పార్కులో కూర్చున్నారు. ఆ సత్రం రిజిస్టర్లో పేరు మార్చి రాయవలసి వచ్చిన అవసరం ఈనాటి ఫారాల్లో ఎందరికి ఎదురవుతున్నదో లెక్కించే పని ఏ పర్యాటక శాఖా చేపట్టలేదు.

పర్యాటక విధానాల్లో పల్లె బసకు రాయితీలు ప్రకటించే ప్రభుత్వాలు ఆ రాయితీకి షరతులు పెట్టడం కష్టమేమీ కాదు. అనుమతి ఇచ్చే ముందు ఆ సర్వే నంబర్ల అసైన్‌మెంట్ చరిత్రను తహసీల్దార్ ధ్రువీకరించాలి. నక్షాలోని దారి ప్రహరీ లోపల పడితే దాన్ని తెరిచాకే లైసెన్సు ఇవ్వాలి. కాపలా కుటుంబానికి కనీస వేతనం, నివాసయోగ్యమైన ఇల్లు ఉన్నట్టు కార్మిక శాఖ తనిఖీ చేయాలి. బుకింగ్ ఫారంలో కులాన్ని పసిగట్టే ప్రశ్నలు ఉండకూడదు. గేటు మీద కుక్కలకు స్వాగతమన్న బోర్డు పక్కనే 15(2) అధికరణాన్ని తెలుగులో రాయించాలి. వానాకాలం సాగు మొదలయ్యేలోపు, మృగశిర కార్తె వచ్చేనాటికి, చేవెళ్ల, వికారాబాద్ మండలాల్లో మూసుకుపోయిన శ్మశానపు దారుల జాబితాను గ్రామసభల ముందు పెట్టించే పనికి విద్యార్థి సంఘాలు పూనుకోవచ్చు. నక్షా నకలు కావాలని సమాచార హక్కు కింద దరఖాస్తు చేయడానికి పది రూపాయలు చాలు.