నాలుగు పాయింట్లు పెరిగితే కోలుకున్నట్టేనా?

పక్షవాతంతో ఆసుపత్రిలో చేరిన మనిషి కేస్ షీట్‌లో బర్గ్ బ్యాలెన్స్ స్కేలు కింద గత వారం 34, ఈ వారం 38 అని కనిపిస్తే ఇంటిల్లిపాదికీ ఊరట. డిశ్చార్జి మాట ఎత్తడానికి డాక్టరుకూ ఒక ఆధారం. ఆ 4 పాయింట్లు నిజంగా ఒంట్లో వచ్చిన మెరుగుదలేనా, లేక కొలవడంలో వచ్చిన తేడానా? మన వార్డుల్లో ఈ ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు. అడిగి తీరాలి.

కెనడాలో కేథరిన్ బర్గ్ బృందం రూపొందించి 1989లో వెలువరించిన ఈ పరీక్షలో 14 పనులు ఉంటాయి. కుర్చీలోంచి లేవడం, కళ్లు మూసుకుని నిలబడటం, నేలమీది వస్తువు తీయడం లాంటివి. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 56. ఇద్దరు ఫిజియోథెరపిస్టులు విడివిడిగా వేసిన మార్కులు బాగా కలుస్తాయని దీనికి మంచి పేరుంది. అయినా ఆసుపత్రిలో ఉన్న పక్షవాత రోగుల మీద 2001లో వచ్చిన ఒక అధ్యయనం, కనీసం 6 పాయింట్లు మారితేగానీ అది అసలైన మార్పని 90 శాతం నమ్మకంతో చెప్పలేమని తేల్చింది.

మార్కులు అంత బాగా కలిసే పరీక్షలో ఇంత ఊగిసలాట ఎలా? విశ్వసనీయతకు సాధారణంగా చూపే గుణకం రోగుల మధ్య ఉన్న తేడాల మీద ఆధారపడుతుంది. ఒకే వార్డులో నిలబడలేనివారూ ఉంటారు, వరండా చివరిదాకా నడిచేవారూ ఉంటారు. రెండుసార్లు పరీక్షించినా వాళ్ల వరుస మారదు, కాబట్టి గుణకం 1కి దగ్గరగా వస్తుంది. ఆ వరుసలోని ఒక్కొక్కరి మార్కు మాత్రం నాలుగైదు పాయింట్లు అటూ ఇటూ కదలవచ్చు. రెండు కొలతలు కలిసి పెరగడం వేరు, ఒకే విలువ చూపడం వేరని బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో లాన్సెట్ పత్రికలో హెచ్చరించారు. గుణకం రోగుల గుంపు గురించి చెబుతుంది. మంచం మీదున్న మనిషికి కావాల్సింది ఆ పరీక్షలో ఎన్ని పాయింట్ల పొరపాటుకు అవకాశం ఉందన్న లెక్క.

పక్షవాత రోగి విషయంలో ఆ పొరపాటుకు దారులు ఎక్కువ. ఉదయం చురుగ్గా ఉన్న మనిషి మధ్యాహ్నానికి డీలాపడతాడు. మాట అర్థంకాని రోగి, కాలు కదలక కాదు, సూచన అందక ఆగిపోతాడు. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చునే పరీక్షను సుమారు 46 సెంటీమీటర్ల ఎత్తున్న, చేతులున్న కుర్చీతో రూపొందించారు. ఆ పరీక్షను వార్డులో దొరికిన స్టూలు మీద చేస్తే ఫలితం మారుతుంది. 10 మీటర్ల నడకకు నిన్న 25 సెకన్లు, నేడు 20 పట్టిందంటే వేగం సెకనుకు 0.40 మీటర్ల నుంచి 0.50కి పెరిగినట్టు కాగితం మీద కనిపిస్తుంది. నిన్న వాకర్, నేడు చేతికర్ర వాడి ఉంటే ఆ రెండు అంకెలనూ పోల్చకూడదు.

ఇంకొకటి నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. మన దగ్గర తరచూ కసరత్తు చేయించిన చేతులే మార్కులూ వేస్తాయి. తన రోగి బాగుపడాలన్న ఆశ ఎంత నిజాయితీపరుడి పెన్నునైనా కాస్త ముందుకు నెడుతుంది. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మందితో జరిగి 2017లో ఫలితాలు వెలువడిన అటెండ్ పరిశోధన ఈ జాగ్రత్త పాటించింది. కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి ఇంట్లోనే వ్యాయామం చేయిస్తే లాభమా అని పరీక్షించి, ఎవరు ఏ వర్గమో తెలియనివాళ్లతో 6 నెలలకు కొలిపించారు. మరణించినవారు, ఇతరులపై ఆధారపడినవారు కలిసి రెండు వర్గాల్లోనూ 47 శాతమే. అందరూ ఆశపడ్డ పద్ధతి గురించి అంత చేదు నిజం బయటపడటంలో ఆ కొలత తీరుకూ పాత్ర ఉంది.

అసలు నిలబడలేని రోగిని నడక పరీక్షతో కొలవలేం. అలాంటివారి కోసం పడుకోవడం, కూర్చోవడం నుంచి మొదలయ్యే పాస్ అనే 36 పాయింట్ల పరీక్ష 1999 నుంచీ ఉంది. తొలి వారాల్లో దాన్నే వాడాలి.

వార్డులో మార్పుకు ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. ఒకే వేళ, ఒకే ఎత్తు కుర్చీ, అవే చెప్పులు, అదే చేతికర్ర. రోగికి చెప్పే సూచనలు అందరూ ఒకే మాటల్లో చెప్పేలా తెలుగులో అచ్చువేసిన కార్డు. కుదిరినప్పుడల్లా చికిత్స చేయని మరో థెరపిస్టుతో మార్కులు. కేస్ షీట్‌లో 38 పక్కనే పరీక్ష చేసిన గంట, వాడిన ఆసరా, పరీక్షించినవారి సంతకం ఉండాలి. 6 పాయింట్ల లోపు తేడాను ‘మెరుగుపడ్డారు’ అని రాయకుండా, రెండు రోజులాగి మళ్లీ పరీక్షించాలి. ఈలోపు మంచం దిగి బాత్‌రూమ్‌దాకా తోడు లేకుండా వెళ్లగలుగుతున్నారా అని రాత్రి డ్యూటీ నర్సునూ, పక్కనే ఉంటున్న కుటుంబ సభ్యులనూ అడిగి, ఆ జవాబును కూడా అదే కాగితం మీద రాయాలి.