కౌమారమునకు కావలసిన మాట

చిత్తూరు, తిరుపతి సీమల పల్లెలలో ఆడబిడ్డ పెద్దమనిషి అయినదనగానే మేనమామ పచ్చి కొబ్బరిమట్టలు తెచ్చి వాకిట గుడిసె కట్టును. అవ్వలు నువ్వులును బెల్లమును దంచి చిమ్మిలి పెట్టుదురు. పట్టుచీర, పూలజడ, పేరంటము, విందు, వీనికి తోడు ఇటీవల ఊరి మలుపులో ఆ బిడ్డ ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ. చుట్టపక్కములకే కాక దారిన పోవు బాటసారికి సైతము చాటబడిన ఈ సంగతికి అర్థమేమో, తన దేహమున వచ్చిన మార్పు ఎట్టిదో, దానివలన తనకు సంక్రమించిన శక్తి యేమో, దానివెంట పొంచియున్న ప్రమాద మేమో ఆ పదమూడేండ్ల బాలికను చేరదీసి చెప్పువారు మాత్రము అరుదు. ‘ఇంక మొగపిల్లోళ్లతో ఆడుకోబాకమ్మా’ అను అవ్వ మాటయే ఆమెకు లభించు సమస్త విద్య. మగపిల్లవానికి ఆ మాత్రపు మాటయైనను లేదు.

హైస్కూలులోను, ఇంటర్మీడియెట్టులోను చదువు పిల్లల నడుమ వివాహమునకు ముందే దైహిక సంబంధము లేర్పడుచున్నవని తలిదండ్రులు పడుచున్న కలతను నేను తేలికగా తీసికొనువాడను గాను. అయితే, ‘కాలము చెడినది’ అని ఒక్క మాటతో ఆ కలతను ముగించుట న్యాయము కాదు. మన పూర్వులు పిల్ల సమర్తాడిన కొలది దినములకే కాపురమునకు పంపెడివారు. ఆ ఆచారము పసిబాలికల ప్రాణములను బలిగొనుచుండెను గనుకనే 1891లో సమ్మతి వయస్సును పదినుండి పండ్రెండేండ్లకు పెంచిన చట్టమును, 1929లో బాల్యవివాహములను అడ్డగించు శారదా చట్టమును వచ్చినవి. 1978లో వధువు కనీస వయస్సు పదునెనిమిదికి చేరినది. ఈ సంస్కరణము మిక్కిలి మేలైనది. కాని దానితో, దేహము మేల్కొనుటకును పెండ్లిపీటలకును నడుమ అయిదాఱేండ్ల కాలము, చదువుకొన్న యిండ్లలో పదేండ్ల కాలము, మన పూర్వు లెఱుగని యొక నూతన వయోదశ ఏర్పడినది. ఆ దశకు తగిన మాటను, మర్యాదను, ఆచారమును మనము నేటికిని సమకూర్చుకొనలేదు. ఖాళీగా విడిచిన ఆ చోటనే పిల్లలు తప్పటడుగులు వేయుచున్నారు.

దీనికి మా సీమ పరిస్థితులు తోడైనవి. కుప్పము, పలమనేరు, పుంగనూరు ప్రాంతముల పల్లెలనుండి భార్యాభర్తలిరువురును బెంగుళూరు కట్టడపు పనులకు పోవుదురు. పిల్లలు అవ్వాతాతల వద్ద మిగులుదురు. తిరుపతికి చదువు కొఱకు వచ్చు పదునాఱేండ్ల పిల్లలు హాస్టళ్లలోను, అద్దెగదులలోను ఉందురు. 2020లో కరోనా కాలమున ఆన్‌లైను పాఠములకని అప్పు చేసి కొనియిచ్చిన సెల్‌ఫోను పాఠములు ముగిసినను పిల్లవాని చేతిలోనే నిలిచినది; తల్లిగాని, అయ్యవారుగాని చెప్పని దానిని అది చెప్పినది, కాని దేహమును అంగడి సరకుగా జేసి, ఆదరమును సిగ్గును తుడిచివేసి చెప్పినది. ఇంకొక సంగతి కలదు. ‘ప్రేమ’ యని మనము పిలుచుచున్న వానిలో అన్నియు ఈడుజోడు పిల్లల చాపల్యములు కావు. ఫోనుకు రీచార్జి చేయించువాడు, బడికి బండిమీద దింపువాడు, వరుసకు మామయో బావయో యగువాడు, వయసున పదేండ్లు పెద్దవాడు, ఇంట ఆప్యాయపు పలుకు కఱవైన బాలికను మాటలతో లోబఱచుకొనుట ప్రేమ కాదు, పీడనము. ఈ రెండింటిని వేఱుచేసి చూడలేని పెద్దలు రెండు సందర్భములలోను ఆ బాలికనే దండించుచున్నారు.

భారత కథ వినని తెలుగిల్లు లేదు. కుంతిభోజుని యింట కన్యయై యున్న కుంతికి దుర్వాసుడు మంత్రము నుపదేశించెను. దాని ఫలమెట్టిదో ఆ బాలిక యెద చేరునట్లు వివరించినవా రెవ్వరును లేరు. కౌతుకముతో మంత్రమును పరీక్షించినది, తల్లియైనది, భీతిల్లి పసికందును పెట్టెలో నుంచి నీటిపాలు చేసినది. కురుక్షేత్రమున కర్ణుడు కూలినదాక పాండవులతో ఆ మాట చెప్పలేకపోయినది. ఆమె దోషమును గూర్చి తరతరములుగా చర్చించిన మనము, ఆ రాత్రి ఆమె ఎవరి వద్దకు పోయి చెప్పుకొనగలిగి యుండెడిదని ఏనాడైన అడిగితిమా?

నేటి బాలికకును ఆ ప్రశ్నయే ఎదురగుచున్నది. నెల తప్పినదని తెలిసినను చెప్పుకొన దిక్కులేక రెండు మూడు మాసములు దాచును. పిదప మందులషాపులో వైద్యుని చీటి లేకయే కొన్న మాత్రలు మ్రింగి, రక్తస్రావమాగక ఆసుపత్రికి చేరును. మన రాష్ట్రమున ఆ యీడు బాలికలలో సగముకంటె ఎక్కువమంది రక్తహీనతతో ఉన్నారు. ఎముకలు కుదురుకొనని దేహమునకు గర్భము వచ్చినచో గుర్రపువాతము, కష్టప్రసవము, బరువు తక్కువ శిశువు అను ఆపదలు పెరుగును. 2021లో సవరింపబడిన గర్భవిచ్ఛిత్తి చట్టము ప్రకారము మైనరు బాలికకు, సంరక్షకుల వ్రాతపూర్వకమగు అంగీకారముతో, ఇరువదినాలుగు వారములదాక వైద్యులచేత గర్భవిచ్ఛిత్తి చేయించుకొను వీలు కలదు. ఆమెయు సంరక్షకులును కోరినచో పోలీసులకిచ్చు సమాచారమున ఆమె పేరు వెల్లడింపనక్కఱలేదని 2022 సెప్టెంబరులో సుప్రీముకోర్టు చెప్పినది. ఈ రెండు సంగతులు తెలియకపోవుటవలన బాలికలు నాటువైద్యుల పాలగుచున్నారు. బాలుని గతియు సుఖకరము కాదు. పిల్లలను లైంగిక నేరములనుండి కాపాడుటకై వచ్చిన 2012 నాటి పోక్సో చట్టమున పదునెనిమిదేండ్లకు లోబడిన వారి సమ్మతి సమ్మతియే కాదు. పందొమ్మిదేండ్ల యువకునిపై దైహిక సంబంధముతో కూడిన లైంగికదాడి నేరము రుజువైనచో కనీసము పదేండ్ల కారాగారము. చదువును, బ్రదుకును అక్కడికే తెగిపోవును. ఈ చట్టమున్నదని ఏ తరగతిగదిలో ఎవరు వారికి చెప్పిరి?

ఇక పెద్దలు తలచు చికిత్స యేమి? మా పడమటి మండలములలో హైస్కూలు ప్రధానోపాధ్యాయుడెవ్వరైనను ఎఱిగిన దృశ్యమిది: బాగుగా చదువు తొమ్మిదవ తరగతి బాలిక పది దినములుగా బడికి రాదు, అయ్యవారు ఇంటికి పోయి అడుగగా తల్లి తలవంచుకొని, ‘ఏం చేసేది అయ్యోరా, ఎవుడితోనో ఫోన్లో మాట్లాడతా ఉందంట. మాట రాకముందే మా తమ్ముడికే ముడేసేస్తామి. పరువన్నా మిగులుతాది’ అనును. ఆ తమ్ముని వయస్సు ఇరువదియాఱు. 2019–21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున ఇరువదినుండి ఇరువదినాలుగేండ్ల వయసు స్త్రీలలో నూటికి 29.3 మందికి పదునెనిమిది నిండకయే వివాహమైనది. పదునైదు మొదలు పందొమ్మిదేండ్ల వఱకు గలవారిలో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులో గర్భవతులో ఐరి. దేశపు సగటు 6.8 మాత్రమే. వీరిలో అత్యధికులు మెడలో తాళితోనే గర్భము దాల్చినవారు. పసుపుతాడు పడినంతనే ఆ దేహము పరిపక్వమగునా, రక్తము వృద్ధియగునా, విడిచిన చదువు తిరిగి వచ్చునా? వివాహమునకు ముందు జరిగినచో మనము ఘోరమనుకొన్న ప్రతి హానియు ఈ వివాహము తరువాతను అట్లే జరుగుచున్నది. పదునెనిమిది నిండని భార్యతోడి సంగమమును బలాత్కారమేయని 2017 అక్టోబరు 11న సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. కావున ఈ పెండ్లి బాలికను కాపాడుటకు గాక మన పరువును కాపాడుకొనుటకే చేయబడుచున్నదని ఒప్పుకొనక తప్పదు.

పాఠశాలలో దేహమును గూర్చిన ఈ విద్య నేర్పవలెననగానే సంప్రదాయమునకు భంగమని ఆక్షేపించువారు కలరు. ఇట్టి విద్యకై ఏర్పడిన కౌమార విద్యాకార్యక్రమమును 2007 ప్రాంతమున అనేక రాష్ట్రములు నిలిపివేసినవి. మన నెల్లూరు బిడ్డయగు వెంకయ్యనాయుడుగారి అధ్యక్షతన రాజ్యసభ అర్జీల సంఘము 2009లో ఇట్టి విద్య బడులలో వలదనియే సూచించినది. పెద్దల యాశయమునందు నాకు గౌరవము కలదు గాని వారి నిర్ణయముతో నేనేకీభవింపను. అదే 2009లో యునెస్కో ప్రకటించి 2018లో సవరించిన మార్గదర్శకము, పెక్కు దేశముల పరిశోధనలను పరిశీలించి, ఇట్టి విద్య పిల్లలను తొందరపెట్టదనియు, పెక్కుచోట్ల వారి తొలి అడుగును ఆలస్యము చేసినదనియు తేల్చినది. పెద్ద సంస్కరణము కొఱకు ఎదురుచూడనక్కఱలేదు. జీవశాస్త్ర పుస్తకములలో కౌమారదశను గూర్చియు, ప్రత్యుత్పత్తిని గూర్చియు పాఠములున్నవి. ‘ఇది ఇంటికాడ చదువుకోండి’ అని పుట తిప్పివేయుటయే మన బడులలో పరిపాటియైనది.

అయ్యవార్లారా, అమ్మయ్యవార్లారా, ఆ పాఠమును ఈ యేడు పుట తిప్పక చెప్పుడు. బాలురకును బాలికలకును చెప్పుడు. ‘వద్దు’ అను మాటను పలుకుటయు, ఎదుటివారు పలికినప్పుడు దానిని మన్నించుటయు నేర్పుడు. తలిదండ్రులారా, మీ బిడ్డ ఏదేని చెప్పుకొనవచ్చినప్పుడు మొదట చేయి యెత్తక, ముహూర్తము పెట్టక, కూర్చుండబెట్టి వినుడు. పొరుగింట బాల్యవివాహము జరుగుచున్నదని తెలిసినను, ఏ బిడ్డయైన ఆపదలో నున్నదని తోచినను బాలల సహాయవాణి 1098కి ఫోను చేయుడు. రేయింబవళ్లు ఆ ఫోను పలుకును.